న్యూటన్‌ని ఫ్రెంచిలోకి తెచ్చిన ఇల్లాలు

రోకలి జానెడెత్తు నుంచి పడితే ఒక తీరు దెబ్బ, నిలువెత్తు నుంచి పడితే మరో తీరు. పిండి దంచిన చేతులకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఆ దెబ్బలోని బలాన్ని ఎలా లెక్కకట్టాలి అని యూరపు పండితులు దశాబ్దాల తరబడి తగవులాడుకున్నారంటే నమ్ముతారా? ఆ తగవులో తలదూర్చి, బెదురు లేకుండా మాట్లాడిన ఒక ఇల్లాలుంది.

ఆవిడ పేరు ఎమిలీ దు షాత్లే. 1706లో పారిస్‌లో పుట్టింది. పద్దెనిమిదేళ్ళకే పెళ్ళయింది. పిల్లలు పుట్టాక గాని లెక్కల్లోకి గట్టిగా దిగలేదు. అక్కడి సైన్సు అకాడమీలో ఆడవాళ్ళకు చోటులేదు. అయినా అకాడమీ నిప్పు గురించి వ్యాసాల పోటీ పెడితే, 1737లో రాత్రిళ్ళు మేలుకుని రహస్యంగా రాసి పంపింది. అదే ఇంట్లో ఉంటున్న వోల్టేరు కూడా అదే పోటీకి రాస్తున్నాడు, ఆయనకూ చెప్పలేదు! బహుమతి ఇద్దరికీ రాలేదు గాని, అకాడమీ ఇద్దరి వ్యాసాలూ అచ్చువేసింది.

ఇక తగవు సంగతి. కదిలే వస్తువు బలమంటే ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేదే అన్నారు న్యూటన్ పక్షంవారు. (ద్రవ్యరాశి అంటే బరువే కదా అనకండి. కిలో బియ్యం చంద్రుడి మీద స్ప్రింగు కాటాకు తగిలిస్తే ఆరోవంతే చూపిస్తుంది, గింజ మాత్రం ఒక్కటీ తగ్గదు. ఆ తగ్గనిదే ద్రవ్యరాశి.) కాదు, వేగాన్ని మళ్ళీ వేగంతో గుణించాలన్నాడు జర్మనీ పండితుడు లైబ్నిజ్. హాలెండులో గ్రావెసాండె అనే ఆయన ఇత్తడి గుండ్లను మెత్తటి బంకమట్టిలోకి వదిలి చూశాడు. వేగం రెట్టింపైతే గుంట రెట్టింపు కాలేదు, నాలుగింతలైంది.

ఎమిలీ 1740లో వేసిన పుస్తకంలో ఈ రుజువునే పట్టుకుని లైబ్నిజ్ మాట నిలబెట్టింది. న్యూటన్ని అంతగా గౌరవించే మనిషి! అకాడమీ కార్యదర్శి మైరాన్ మరుసటేడు ఖండిస్తూ అచ్చువేస్తే, ఆవిడా అచ్చులోనే జవాబిచ్చింది. ఈ రెండు లెక్కలకూ రెండు వేరే పనులున్నాయని తరువాత తేలింది. మొదటిది ద్రవ్యవేగం. రెండోదాంట్లో సగం గతిశక్తి. బస్సు వేగం రెట్టింపైతే, బ్రేకు పట్టాక ఆగడానికి సుమారు నాలుగింతల దూరం కావాల్సిరావడం ఈ గతిశక్తి వల్లనే.

1749లో, నలభై రెండో ఏట, ఆవిడ మళ్ళీ గర్భవతి. ఆ రోజుల్లో ఆ వయసు కానుపంటే ప్రాణాలమీది మాటే. న్యూటన్ లాటిన్‌లో రాసిన ప్రిన్సిపియాకు ఫ్రెంచి అనువాదమూ, వ్యాఖ్యానమూ ఇంకా పూర్తికాలేదు. బతుకుతానో లేదోనన్న బెంగతో రేయింబవళ్ళు కూర్చుని ముగించి, రాతప్రతిని రాజుగారి గ్రంథాలయానికి అప్పగించింది. సెప్టెంబరు 4న ఆడపిల్ల పుట్టింది. 10న ఆవిడ కన్నుమూసింది. పుస్తకం మొత్తంగా అచ్చయింది 1759లో. న్యూటన్‌ని ఫ్రెంచిలో చదవాలనుకునేవాళ్ళు ఈనాటికీ తెరిచేది ఎక్కువగా దాన్నే.