మూగబోయిన జన్యువు - జాడ చెప్పిన ప్రతిరక్షకం



ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడే పిల్లవాడు బడిలో అడుగుపెట్టగానే కన్నడమో, తమిళమో, ఒడియానో అందుకోవడం మన సరిహద్దు ఊళ్ళలో మామూలే. అంతమాత్రాన వాడికి తెలుగు రాదని అనుకోం. భాష వాడిలోనే ఉంది, ఆ చోట పలకడం లేదు. జన్యువుల సంగతీ ఇంచుమించు ఇలాగే ఉంటుంది. మన శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ అవే జన్యువులు. కానీ కంటిలో పలికేవి కొన్ని, కాలేయంలో పలికేవి మరికొన్ని. మరి మిగిలినవాటి నోరు కట్టేసేది ఏది? దాని జాడ తీయడంలో ఒక ప్రతిరక్షకం చేసిన మేలును గురించి ఈనాటి ప్రసంగంలో చెప్పుకుందాం.

పండ్లమీద ముసిరే చిన్న ఈగ ఒకటుంది. దాని పేరు డ్రోసోఫిలా, కళ్ళు ఎరుపు. అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో హెర్మన్ ముల్లర్ ఈ ఈగలపై ఎక్స్-కిరణాలు ప్రసరింపజేశారు. వాటి సంతతిలో కొన్నింటి కళ్ళు ఎరుపు, తెలుపు మచ్చలతో ఉన్నాయని 1930లో ప్రకటించారు. ఎరుపు రంగుకు కావలసిన జన్యువు చెడిపోలేదు. క్రోమోజోము తెగి అతుక్కున్నప్పుడు దాని చోటు మాత్రం మారింది. క్రోమోజోములో దట్టంగా ముడుచుకుని ఉండే భాగానికి ఎమిల్ హైట్జ్ 1928లో హెటిరోక్రోమాటిన్ అని పేరు పెట్టారు. జన్యువు దాని పొరుగుకు చేరి, కొన్ని కణాల్లో మూగబోయింది. అక్కడినుంచి మళ్ళీ దూరంగా జరిగిన ఈగల్లో కంటికి ఎరుపు తిరిగి వచ్చింది.

అంటే మహిమ ఆ పొరుగుదన్నమాట. అయితే అక్కడ కూర్చుని పనిచేసే మాంసకృత్తు ఏది? అర్ధశతాబ్దం గడిచినా ఎవరూ దాని పేరు చెప్పలేకపోయారు.

అందుకు కావలసిన పనిముట్టు కేంబ్రిడ్జిలో తయారైంది. 1975లో కోలర్, మిల్‌స్టీన్ అనే శాస్త్రజ్ఞులు చిట్టెలుక ప్లీహంలోని కణాన్ని, ఎడతెగక పెరిగే క్యాన్సర్ కణంతో కలిపారు. ఆ జంట కణం ఒకే రకం ప్రతిరక్షకాన్ని ఎంతకాలమైనా తయారుచేస్తుంది. 1984లో వారికి నోబెల్ బహుమతి లభించింది.

సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో థరప్పెల్ జేమ్స్, సారా ఎల్గిన్ ఈ పద్ధతినే వాడుకున్నారు. ఈగ పిండాల కణకేంద్రకాలలోని మాంసకృత్తులకు ప్రతిరక్షకాలు తయారుచేయించారు. ఏది దేన్ని పట్టుకుంటుందో ముందుగా తెలియదు. ఈగ డింభకపు లాలాజల గ్రంథిలో ఉండే పెద్ద క్రోమోజోములపై వాటిని పరీక్షించారు. వాటిలో ఒక ప్రతిరక్షకం ముఖ్యంగా హెటిరోక్రోమాటిన్ మీదనే మెరిసింది! దాన్నే గాలంగా వేసి, ఆ మాంసకృత్తుకు మూలమైన జన్యువును కూడా పట్టుకున్నారు. ఈ ఫలితాలు 1986లో వెలువడ్డాయి. ఆ మాంసకృత్తునే నేడు హెచ్.పి.1 అంటున్నారు.

అయితే దొంగతనం జరిగిన ఇంటి దగ్గర కనిపించినంత మాత్రాన ఒకడు దొంగ అయిపోడు. ప్రతిరక్షకం ఉనికిని చెబుతుంది గాని, చేసే పనిని చెప్పదు. ఆ రుజువు 1990లో దొరికింది. జోయెల్ ఐసెన్‌బర్గ్, ఎల్గిన్ మొదలైనవారు హెచ్.పి.1 జన్యువు చెడిన ఈగలను పరిశీలించారు. వాటి కళ్ళలో మూగబోయిన ఎరుపు మళ్ళీ పలికింది. నోరు కట్టే పనిలో హెచ్.పి.1కు చేయి ఉందని అప్పుడు తేలింది. క్రోమోజోములోని హిస్టోన్ మీద ఉండే ఒక రసాయనిక గుర్తును చూసి అది అక్కడ అతుక్కుంటుందని 2001లో వియన్నా, కేంబ్రిడ్జి పరిశోధకులు చూపారు. మనిషిలోనూ దీని రూపాలు మూడున్నాయి.

ఇప్పుడు ఇలాంటి ప్రతిరక్షకాలు చిన్న సీసాల్లో అమ్మకానికి దొరుకుతాయి. సీసా మీద రాసినదాన్నే అది పట్టుకుంటుందా? ఆ మాంసకృత్తు లేని కణంలో కూడా మెరిస్తే అది అబద్ధపు సాక్ష్యమే. ప్రతిరక్షకాలకు కట్టుదిట్టమైన ప్రమాణాలు కావాలని 2015లో వందమందికి పైగా శాస్త్రజ్ఞులు 'నేచర్' పత్రికలో కోరారు. రోగ పరిశోధనలు ఎన్నో వీటి మీదనే ఆధారపడి ఉన్నాయి మరి. సాక్షిని నమ్మాలి, కాని విచారించి నమ్మాలి.