కర్ణభేరికి మాసిక

చీము కారి కారి కర్ణభేరికి చిల్లిపడినవారికి వినికిడి తగ్గుట యొక బాధ. తలకు పోసికొన్న నీరు సోకినప్పుడెల్ల చెవి మరల కారుట వేరొక బాధ. ఆ చిల్లిని మూయవలెనను తలంపు 1640 నాటికే జర్మనీలో మార్కస్ బాంజర్ అను వైద్యుని వ్రాతలలో కానవచ్చుచున్నది. పంది మూత్రాశయపు పొర కప్పిన గొట్టమును చెవిలో నమర్చుట యాతని యుపాయము. అటుపిమ్మట రెండు శతాబ్దములు ఒకరిద్దరి ప్రస్తావనలు దప్ప చెప్పుకొనదగిన దేమియు లేదు.

1841లో లండనునందలి కర్ణవైద్యుడు జేమ్స్ యర్స్లీ కడకు న్యూయార్కు నుండి వచ్చిన రోగి యొకడు, కాగితపు తునకను ఉమ్మితో తడిపి చెవిలోతునకు త్రోసికొన్నయెడల తనకు మాటలు తేటగా వినవచ్చునని చెప్పగా, యర్స్లీ దానిని హేళన సేయక, కాగితమునకు మారుగా తడిపిన దూదియుండను వాడి పలువురకు మేలొనర్చెను. వైద్యునికి రోగి గురువగుట అరుదు గాదు. ఆ ఋణమును వైద్యుడే లోకమునకు వెల్లడించుట మాత్రము మెచ్చదగినది. 1853లో జోసెఫ్ టాయిన్బీ అను వైద్యుడు వెండితీగకు రబ్బరుబిళ్ళను తగిలించి, రోగి తానే పెట్టుకొని తానే తీసికొనగల కృత్రిమ కర్ణభేరిని కల్పించెను. చెవిహోరు నణచుటకై క్లోరోఫారము మున్నగువానిని తనపైననే పరీక్షించుకొనుచు 1866లో మరణించిన సాహసి యీతడే.

ఇవి యన్నియు మూతలే గాని చికిత్సలు గావు. ప్రాణమున్న పొరను ప్రాణమున్న చర్మముతోనే అతుకవలెనని నిశ్చయించి, 1878లో బెర్తోల్డు అను జర్మను వైద్యుడు, అంటుపట్టీతో కర్ణభేరి పైపొర నొలిచి, ఆ పచ్చిపుండుపై రోగి చర్మమునే పరచెను. సెంటీమీటరు వెడల్పైనను సరిగా లేని పొరపై, అంగుళపు ఇరుకునాళము గుండా, చీము నడుమ, వట్టి కంటితో చేయవలసిన యీ పని డెబ్బది యేండ్లు మూలబడుటలో వింత లేదు.

పెన్సిలినును, శస్త్రచికిత్సకు తగిన సూక్ష్మదర్శినియు చేతికందిన పిమ్మట, 1950 తరువాత, వుల్‌స్టైన్, సోల్నర్ అను జర్మను వైద్యు లిరువురు ఆ విద్య నుద్ధరించిరి. వారును మొదట చర్మమునే వాడిరి. అది చెవిలో పొట్టు రాల్చుచు, చెమ్మగిల్లి వాచుచుండుటచే దానిని విడువవలసివచ్చెను. ఆ దశాబ్దాంతమున హీర్మన్ అను వైద్యుడు, కణత కండరమును కప్పియుండు తెల్లని పలుచపొరను గ్రహించెను. రక్తప్రసారము అంతగా లేకున్నను కొంతకాలము నిలువగలిగిన యీ పొర, చెవికి ఆనుకొనియే దొరకుటచే, శరీరమున మరియొకచోట గాటు పెట్టవలసిన పని లేకపోయినది. నేటికిని పలువురు వైద్యులు దానినే కత్తిరించి, ఆరబెట్టి, చిల్లి యంచులను గీరి, లోపలివైపున ఉంచి, క్రింద జెలటిన్ స్పంజి నాధారముగా నమర్చుచున్నారు.