యూనిట్టు వెల: నిక్షేపమా, ఉపనిధియా?



కొంతకాలము క్రిందట మా వీథిలోని రైతొకరు రెండు కాగితములు చేతబట్టుకొని నాయొద్దకు వచ్చిరి. రెండును మ్యూచువల్ ఫండుల కాగితములే. ఒకదానియందు యూనిట్టు వెల 10 రూపాయలనియు, రెండవదానియందు 300 రూపాయలనియు నుండెను. “మేష్టరుగారూ, వీనిలో చౌక యేది?” అని వారడిగిరి. ముప్పదియైదేండ్లు పిల్లలకు విభక్తులు నేర్పినవాడను. ఈపాటి ప్రశ్నకు జంకుదునా? పదిరూపాయలదే చౌక యని తడుముకొనక చెప్పితిని. అది శుద్ధతప్పు.

3,000 రూపాయలను మొదటి నిధియందుంచినచో 300 యూనిట్లు, రెండవదానియందుంచినచో 10 యూనిట్లు వచ్చును. రెండు నిధులును నూటికి పదివంతున పెరిగినచో ఎందులోనైనను లాభము 300 రూపాయలే. ధాన్యమును మానికతో కొలిచినను, కుంచముతో కొలిచినను రాశి పెరుగదు, తరుగదు. యూనిట్టనునది కొలపాత్ర మాత్రమే. రాశి మంచిదా, కాదా యని చూడవలసినచోట నేను పాత్రయొక్క పరిమాణమును చూచితిని. ఆ సిగ్గుచేత ఈ మాటల పూర్వకథను వెదకి చదివితిని.

ఆ కథకు ముందు మన ధర్మశాస్త్రములోని భేదమొకటి చెప్పవలసియున్నది. ఒరులయొద్ద దాచు సొమ్ము రెండు విధములు. లోపలనేమున్నదో తెలుపక, లెక్కింపక, ముద్రవేసి యిచ్చునది ఉపనిధి. ఎదుట లెక్కించి యిచ్చునది నిక్షేపము. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను రచించిన విజ్ఞానేశ్వరుడు నారదవచనమును జూపి దీనిని వివరించియున్నాడు. ఈ రెండు మాటలును జ్ఞాపకముంచుకొనుడు.

పలువురు సొమ్ము కూర్చి యొక నిధిగా జేసి పలుచోట్ల పెట్టుబడి పెట్టు పద్ధతి హాలెండు దేశమున బుట్టినదందురు. 1772, 1773 సంవత్సరములలో నచ్చట వర్తకులు పెక్కుమంది దివాలా యెత్తిరి. ఒక్కచోటనే సొమ్ముంచినవారు మునిగిరి. 1774లో ఆంస్టర్‌డామ్ నగరమున అబ్రహాం వాన్ కెట్విచ్ అను వర్తకుడొక నిధిని స్థాపించెను. ఐకమత్యమే బలమను నర్థము గల పేరు దానికి బెట్టెను. ఒక్కొక్కటి 500 గిల్డరుల చొప్పున 2,000 భాగములు. ఆ సొమ్మును పలు రాజ్యముల ఋణపత్రములమీదను, అమెరికాఖండపు తోటల ఋణములమీదను పెట్టిరి. (ఆ తోటలలో బనిచేసినవారు బానిసలని చెప్పకుండుట న్యాయముగాదు.) నాకు మిక్కిలి నచ్చినది పెట్టె సంగతి. పత్రములన్నియు మూడు వేర్వేరు తాళములుగల యినుపపెట్టెలో నుండవలెననియు, ఏటేట లెక్క చూపవలెననియు నిబంధన. ఇది నిక్షేపధర్మము. తరువాత వచ్చిన యుద్ధముచేతను, తోటల ఋణములు వసూలు కాకపోవుటచేతను ఆ నిధి చితికినది గాని, లెక్క దాచుటచేత గాదు.

ఆ నిధిలో భాగము కొన్నవాడు సొమ్ము కావలసినచో మరియొక కొనుగోలుదారును వెదకుకొనవలెను. ఇట్టిదానిని క్లోజ్డ్ ఎండ్ నిధి యందురు. 1924లో అమెరికాలోని బోస్టను నగరమున నొక ట్రస్టు వేరు మార్గము త్రొక్కెను: భాగస్థుడు కోరినపుడు నిధియే భాగమును తిరిగి కొనును. ఇది ఓపెన్ ఎండ్. అయితే ఏ వెలకు కొనవలెను? అందునుండియే ఎన్.ఏ.వి., అనగా నికర ఆస్తి విలువ యను మాటకు ప్రాముఖ్యము వచ్చినది. నిధికి గల ఆస్తి నేటి ధరలో లక్షరూపాయలు, అప్పులును ఖర్చులును పదివేలు, యూనిట్లు తొమ్మిదివేలు అనుకొనుడు. లక్షలో పదివేలు తీసి, తొమ్మిదివేలతో భాగించినచో యూనిట్టుకు 10 రూపాయలు. ఇంతే లెక్క. మూడవతరగతి బాలుడు చేయగలడు. చేయకపోవుటవలన ఏమగునో మనదేశమునందే చూచితిమి.

1963లో పార్లమెంటు చట్టముచే యూనిట్ ట్రస్టు ఆఫ్ ఇండియా ఏర్పడినది. 1964 జూలై 1వ తేదీన యూనిట్ స్కీము 64 అను పథకము యూనిట్టు పదిరూపాయల వెలతో ఆరంభమయ్యెను. పింఛనుదారులు, ఉపాధ్యాయులు, వితంతువులు దానిని ప్రభుత్వపు ఖజానాతో సమముగ నమ్మిరి. అది ఓపెన్ ఎండ్ నిధియే; కాని యూనిట్టు వెల నికర ఆస్తి విలువననుసరించి యుండెడిది గాదు, ట్రస్టువారు నిర్ణయించి ప్రకటించెడివారు. ఏటేట కొంచెము పెరుగుచు నుండెడిది. జనులు ఆ వెలను జూచి సంతోషించిరి, పెట్టెను జూడరైరి. లెక్కించి యిచ్చిన నిక్షేపము ముద్రవేసిన ఉపనిధిగ మారినదని నేననుకొందును.

1998లో నిధులకు 1,098 కోట్ల రూపాయల లోటున్నట్లు బయలుపడెను. వెలను ఆస్తి విలువతో ముడిపెట్టుడని దీపక్ పారెఖ్ సంఘము 1999లో చెప్పెను. అది జరుగుటకు ముందే 2001 ఏప్రిల్, మే నెలలలో 4,000 కోట్లకు పైగా సొమ్ము వెనుకకు తీయబడినది. తీసినవారిలో బహుభాగము పెద్ద కంపెనీలు. అప్పటి తిరుగు కొనుగోలు వెల పదునాలుగు రూపాయలకు పైన. లోపలి విలువ దానికంటె చాల తక్కువ. ముందు పోయినవాడు పట్టుకొనిపోయిన అధికము మిగిలినవాని పాలిదేగదా! 2001 జూలై 2వ తేదీన అమ్మకమును, తిరుగు కొనుగోలును ఆరునెలలపాటు నిలిపివేసిరి. 2002 ఆదిలో తొలిసారి వెల్లడియైన నికర విలువ ఆరు రూపాయలకు లోపుగ నుండెను. చిన్నవారిని ప్రభుత్వమాదుకొన్నది: 5,000 యూనిట్ల వరకు యూనిట్టుకు 12 రూపాయలు ఇత్తుమని హామీ యిచ్చెను. 2003లో ఆ ట్రస్టును రెండుగ విభజించిరి. పథకమును ముగించి, మిగిలినవారికి బాండ్లిచ్చిరి.

మా రైతుగారికి ఇదంతయు చెప్పి, నా పూర్వపు తీర్పును ఉపసంహరించుకొంటిని. వారు నవ్వి, “మరి ఈ డివిడెండు సంగతి?” అనిరి. డివిడెండనగా లాభముపై వచ్చు అదనమని వారి తలంపు. యూనిట్టు వెల 12 రూపాయలుండగా ఒక రూపాయి చేతికిచ్చినచో మరునాడది 11 రూపాయలగును. మన కుడిజేబులోనిది ఎడమజేబులోనికి వచ్చినది. ఈ మాటవలన జనులు మోసపోవుచున్నారని తలచి, సెబీ సంస్థవారు 2021 ఏప్రిల్ 1వ తేదీనుండి దానికి పేరే మార్పించిరి. ఆదాయపు పంపకము, మూలధనపు ఉపసంహరణ యను నర్థముగల పొడుగుపేరు పెట్టిరి. పలుకుటకు కష్టమే గాని, అర్థము దాచని పేరు.

రైతుగారు రెండు కాగితములను మడిచి, ఏ నిధి తన సొమ్మును ఎచ్చటెచ్చట పెట్టినదో తెలుపు పట్టిక తెత్తునని చెప్పి వెడలిరి. మరునాడు తెచ్చిరి. ఈసారి నేను కళ్లజోడు పెట్టుకొని, తుదివరకు చదివిన పిమ్మటనే నోరు విప్పితిని.