కచేరీ దస్త్రం కంప్యూటరులోకి వచ్చిన కథ

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి కావాలని సంపాదకవర్గం వారు కోరారు. చరిత్ర అనగానే కోటలు, శాసనాలు, నవాబులు గుర్తుకు వస్తారు. వాటి గురించి నాకంటె బాగా చెప్పగలవారు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత మన కళ్ళ ముందే జరిగినా మనలో ఎక్కువమంది గమనించని ఒక చరిత్రను మనవి చేస్తాను. అది కంప్యూటరుకు తెలుగు నేర్పినవారి చరిత్ర.

1998 నవంబరు 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి గారు మాదాపూరులో సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. అదే సంవత్సరం గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటి వెలిసింది. ఆ తరువాత హైటెక్ సిటీ, సైబరాబాదు ఎలా పెరిగాయో మనందరికీ తెలుసు. మన ఇళ్ళలోనే కొడుకో, కోడలో, మనుమరాలో అక్కడ ఉద్యోగం చేస్తున్నారు. జీతం తీసుకొని చేసే ఆ పని గురించి పత్రికలు చాలా వ్రాశాయి. అదే గచ్చిబౌలిలో సాయంకాలాలు, ఆదివారాలు జీతం లేకుండా జరిగిన పని గురించి వ్రాసినవారు తక్కువ.

దాని మూలం దేశాంతరంలో ఉంది. 1983 సెప్టెంబరులో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన 'గ్నూ' అనే పథకాన్ని ప్రకటించారు. సాఫ్టువేరును ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఎలా వ్రాశారో చూసి మార్చుకోవచ్చు, నకళ్ళు పంచవచ్చు, మార్చినదాన్ని కూడా పంచవచ్చు. ఈ నాలుగు స్వేచ్ఛలే ఆయన సిద్ధాంతం. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 'లినక్స్' వ్రాసి లోకానికి ఇవ్వడంతో ఆ పథకానికి కావలసిన ముఖ్యభాగం దొరికింది. ఇది ఊరి చెరువు వంటిది. నీళ్ళు అందరివీ. పూడిక తీయడం కూడా అందరి పనే.

ఈ పూడికతీతలో అందరూ చిన్నచూపు చూసే పని ఒకటి ఉంది. దాన్ని డాక్యుమెంటేషన్ అంటారు. అంటే సాఫ్టువేరును ఎలా వాడాలో, ఏ మీట నొక్కితే ఏమవుతుందో, తప్పు వస్తే ఏం చేయాలో వ్రాసి పెట్టడం. యూనిక్స్ అనే ప్రసిద్ధ వ్యవస్థ మొదటి కరదీపిక మీద 1971 నవంబరు 3 అని తేదీ ఉంది. అంటే యంత్రం వ్రాసినవారే దాని వివరం కూడా వ్రాశారు. మన భాషలో చెప్పాలంటే జీ.ఓ. వచ్చి మార్గదర్శకాలు రాకపోతే ఆ జీ.ఓ. బీరువాలోనే ఉంటుంది. వివరం లేని సాఫ్టువేరు సంగతీ అంతే. అందుకే స్టాల్‌మన్ గారు సాఫ్టువేరుతోపాటు దాని పుస్తకాలు కూడా స్వేచ్ఛగా ఉండాలని పట్టుబట్టారు. 2000లో పుస్తకాల కోసం ప్రత్యేకంగా ఒక లైసెన్సు తెచ్చారు. మరుసటి సంవత్సరం పుట్టిన వికీపీడియా 2009 వరకు నడిచింది ఆ లైసెన్సు మీదనే. సాఫ్టువేరు కరదీపికల కోసం వ్రాసిన నియమం విజ్ఞాన సర్వస్వానికి పునాది అయింది.

తెలుగుకు వచ్చేసరికి మొదటి అడ్డంకి అక్షరమే. ఒక కంప్యూటరులో కొట్టిన తెలుగు మరొక కంప్యూటరులో తెరిస్తే పిచ్చిగీతలు కనిపించిన రోజులు మనవారికి గుర్తుండే ఉంటాయి. ఒక్కొక్క కంపెనీ ఫాంటుది ఒక్కొక్క లెక్క. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 128 స్థానాలు కేటాయించడంతో ఆ చిక్కు తీరే దారి దొరికింది. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు పోతన, వేమన పేర్లతో యూనికోడ్ ఫాంటులు చేసి అందరికీ ఇచ్చారు. వెన్న నాగార్జున గారు పాత ఫాంటుల వ్రాతను యూనికోడులోకి మార్చే 'పద్మ'ను తయారుచేశారు. 2003 డిసెంబరులో ఆయన చొరవతోనే తెలుగు వికీపీడియా మొదలైంది.

హైదరాబాదులో ఈ పనికి సంఘంగా రూపం ఇచ్చినది 'స్వేచ్ఛ' సంస్థ. 2005లో తెలుగు ఆపరేటింగ్ సిస్టం తేవాలనే సంకల్పంతో పని మొదలుపెట్టింది. ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు, హైటెక్ సిటీ ఉద్యోగులు అందులో కార్యకర్తలు. స్వేచ్ఛ వారు కొందరు, ఇతర స్వచ్ఛంద అనువాదకులు కొందరు కలిసి గ్నోమ్, కెడిఇ, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీసు వంటి సాఫ్టువేరులకు తెలుగు తొడిగారు.

ఆ పని జరిగే పద్ధతి చూస్తే, యు.డి.సి.గా ఏళ్ళ తరబడి నోట్ ఫైలు వ్రాసిన నాకు ఎంతో పరిచయమైనదిగా కనిపించింది. ఒక పట్టికలో పైవరుసలో ఇంగ్లీషు వాక్యం, కింద ఖాళీ వరుస ఉంటుంది. అనువాదకుడు ఆ ఖాళీ నింపుతాడు. మరొకరు సరిచూస్తారు. అధికారం ఉన్నవారు ఆమోదిస్తారు. ఎవరు, ఏ తేదీన, ఎందుకు మార్చారో అన్నీ నమోదై ఉంటాయి. పాత పాఠం చెరిగిపోదు. గుమాస్తా చిత్తుప్రతి, సూపరింటెండెంటు దిద్దుబాటు, అధికారి సంతకం, ఆ వరుసే ఇది. నింపని వరుస మాత్రం తెరమీద ఇంగ్లీషులోనే కనిపిస్తుంది.

పని తేలిక అనుకోకండి. ఇంగ్లీషు వాక్యంలో ఫైలు పేరు రావలసిన చోట ఒక గుర్తు పెట్టి వదిలేస్తారు. ఆ పేరు ఏమిటో అనువాదకుడికి ముందుగా తెలియదు. ఇంగ్లీషుకు ఇబ్బంది లేదు. తెలుగులో మాత్రం విభక్తి మాట చివర అతుక్కోవాలి. తెలియని పేరుకు 'ను', 'కు', 'లో' ఎలా అతికించడం? దీనికి పరిష్కారం మన అచ్చు ఫారాలలో ఎప్పటినుంచో ఉంది. 'శ్రీ/శ్రీమతి ........ గారికి' అని ఖాళీ తరువాత ఒక మాట నిలబెట్టి, విభక్తిని దానికి తగిలిస్తాం. అనువాదకులూ అదే పద్ధతిలో '........ అనే దస్త్రాన్ని తొలగించాలా?' అని వ్రాస్తారు. ఖాళీలో ఏ పేరు వచ్చి కూర్చున్నా వాక్యం చెడదు.

అసలు విశేషం ఆ 'దస్త్రం' అనే మాటలోనే ఉంది. ఇంగ్లీషు 'ఫైలు'కు తెలుగు ఏది అన్న ప్రశ్న వచ్చినప్పుడు కొత్త సంస్కృత పదాలు కల్పించాలని కొందరు, ఇంగ్లీషు మాటనే ఉంచాలని కొందరు వాదించారు. తెలుగు వికీపీడియాలో నిలబడినది దస్త్రం. అకౌంటుకు ఖాతా, లిస్టుకు జాబితా, క్యాన్సిల్‌కు రద్దు. ఇవన్నీ కచేరీ మాటలే. నిజాం రాజ్యంలో 1884 వరకు ఫారసీ, ఆ తరువాత ఉర్దూ రాజభాషలుగా ఉన్నాయి. ఆ కొలువుల వాడుక తెలుగులో కలిసి, తాలూకా ఆఫీసుల మీదుగా తిరిగి తిరిగి ఇవాళ కంప్యూటరు తెర ఎక్కింది. వికీపీడియాలో అందరూ చర్చించుకొనే పుటకు పెట్టిన పేరు ఇంకా సొగసైనది: 'రచ్చబండ'.

ఇక్కడ పాత ముచ్చట ఒకటి చెప్పాలి. 1906లో ఇదే హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు గారు, మిత్రులు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించారు. తరువాత లక్ష్మణరావు గారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకొన్నారు. మూడు సంపుటాలు వెలువడినా 'అ' అక్షరం దాటలేదు. 1923లో ఆయన కన్నుమూశారు. ఆ మహానుభావుని శ్రమలో లోటు లేదు. భారమంతా ఒక్కరి భుజం మీద ఉంది. స్వేచ్ఛా సాఫ్టువేరు పద్ధతిలో ఒకరు వదిలిన చోట నుంచి మరొకరు ఎవరి అనుమతీ అడగకుండా అందుకోవచ్చు. మనిషి పోయినా పని ఆగనక్కరలేదు.

ఆగనక్కరలేదు అన్నానే గాని, ఆగదు అనలేదు. కార్యకర్తలు చదువు ముగిసి, ఉద్యోగాలు వచ్చి, పెళ్ళిళ్ళయి చెదిరిపోతారు. సాఫ్టువేరు కొత్త కూర్పు వచ్చినప్పుడల్లా ఇంగ్లీషు వాక్యాలు మారతాయి. సరిచూసేవారు లేకపోతే నిన్న తెలుగులో ఉన్న వరుస ఇవాళ ఇంగ్లీషులోకి పోతుంది. తెరమీద మాటలైనా కొంతవరకు తెలుగులోకి వచ్చాయి. సావకాశంగా చదువుకొనే సహాయ పుస్తకాలు ఎప్పుడూ వెనుకబడే ఉన్నాయి. వాటికి కావలసినది కంప్యూటరు పాండిత్యం కంటె ఓపిక, తేటమాట.

ఇది మనకు పట్టని సంగతి కాదు. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చింది. 2021లో ముఖం చూపి లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చే సౌకర్యం కూడా వచ్చింది. సౌకర్యం మంచిదే. ఫోనులో వచ్చే హెచ్చరిక అర్థం కాక, ఏది నొక్కితే ఏమవుతుందో అని మనవాళ్ళు ఎంతమంది పక్కింటి కుర్రవాడికోసం ఎదురుచూస్తున్నారో మన సమావేశాలకు వచ్చేవారికి తెలుసు. పింఛను ఆగుతుందేమోనన్న భయం ఆ ఒక్క ఇంగ్లీషు వాక్యంలో ఉంటుంది. మూసిపెట్టిన సాఫ్టువేరులో అటువంటి వాక్యం కనిపిస్తే మనం అర్జీ మాత్రమే పెట్టగలం. స్వేచ్ఛా సాఫ్టువేరులో అయితే మనమే దిద్ది పంపవచ్చు. రెంటికీ ఉన్న తేడా నాకు ఇక్కడే అర్థమైంది.

కనుక సభ్యమిత్రులకు నా మనవి. ముప్పై, నలభై ఏళ్ళు చిత్తుప్రతులు వ్రాసి, ఒక్క మాట అటూఇటూ అయితే అర్థం ఎలా మారుతుందో నేర్చుకొన్నవాళ్ళం మనం. రెవెన్యూ, ట్రెజరీ, రిజిస్ట్రేషను, నీటిపారుదల శాఖల మాటలు మనకు తెలిసినట్లు ఇరవై ఏళ్ళ విద్యార్థికి తెలియవు. కంప్యూటరు అతనికి తెలిసినట్లు మనకు తెలియదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటే పని జరుగుతుంది. ఇంట్లో పిల్లలను ఒక గంట అడగండి. తెలుగు వికీపీడియాలో మీ ఊరి వ్యాసం తెరిచి తప్పులుంటే దిద్దండి. అనువాదాల పట్టికలో ఖాళీగా ఉన్న వరుసలు పది నింపండి. పదీ కుదరకపోతే ఒక్కటి నింపండి. తరువాతివారు అక్కడినుంచి అందుకొంటారు.