ట్రౌట్ ఫ్లై ఫిషింగ్ – చరిత్ర

ఈకలు, ఉన్ని, పట్టుదారంతో కట్టిన బొమ్మ పురుగును ఎరగా చూపి ట్రౌట్ చేపను పట్టే పద్ధతిని ఫ్లై ఫిషింగ్ అంటారు. ఆ బొమ్మ పురుగే ఫ్లై. మామూలు గాలంలో ఎరకో, సీసపు గుండుకో బరువు ఉంటుంది. విసిరినప్పుడు ఆ బరువే దారాన్ని వెంట లాక్కుపోతుంది. ఫ్లైకి చెప్పుకోదగ్గ బరువు ఉండదు కాబట్టి ఇక్కడ దారాన్నే లావుగా, బరువుగా చేస్తారు. వేటగాడు కర్రను వెనక్కీ ముందుకీ ఊపుతూ దారాన్ని గాలిలో చాచి, దాని కొసకున్న సన్నటి పోగుకు కట్టిన ఫ్లైని నిజమైన పురుగు వాలినంత నెమ్మదిగా నీటి మీద వాలుస్తాడు.

ట్రౌట్ చల్లటి నీటి చేప. నీరు 10 నుంచి 16 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే బాగా మేస్తుంది. 20 దాటితే డీలా పడుతుంది, 25 దగ్గరకొస్తే ప్రాణం మీదకొస్తుంది. చల్లటి నీటిలో ప్రాణవాయువు ఎక్కువ కరుగుతుంది. బండల మీద పడి నురగెత్తే కొండ ఏటిలో మరీ ఎక్కువ. ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా తలపెట్టి, ఏదో ఒక రాయి చాటున నీరు నెమ్మదించిన చోట నిలబడి, పైనుంచి కొట్టుకొచ్చే పురుగుల కోసం కాచుకుంటుంది. ఆ పురుగుల్లో ముఖ్యమైనది మేఫ్లై. ఇది చాలా నెలలు, కొన్ని జాతుల్లో ఒకటి రెండేళ్లు, రాళ్ల కింద రెక్కల్లేని పిల్ల పురుగుగా బతుకుతుంది. తర్వాత ఒకనాడు పైకి తేలి, తోలు విడిచి, రెక్కలు ఆరేదాకా నీటి మీదే కూర్చుని ఎగిరిపోతుంది. ఒడ్డున ఆకుల మీద మరోసారి తోలు విడుస్తుంది. రెక్కలొచ్చాక తినడానికి దానికి నోరు పనిచేయదు. జతకట్టి, గుడ్లు పెట్టి, ఒకటి రెండు రోజుల్లోనే నీటి మీద రాలిపోతుంది. ఈ దశలన్నిటిలోనూ ట్రౌట్ దాన్ని తింటుంది, కానీ ఒక్కో దశలో ఒక్కో రూపాన్ని, ఒక్కో లోతులో. ఫ్లై ఫిషింగ్ చరిత్రను సాధనాల చరిత్రగా చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. నిజానికి అది ఏటినీ, ఏటి పురుగునూ మనిషి మరింత దగ్గరగా చూడటం నేర్చుకున్న చరిత్ర.

మాసిడోనియా నుంచి డవ్ నది దాకా

ఈ వేట గురించి దొరుకుతున్న తొలి వివరమైన వర్ణన క్రీ.శ. 200 ప్రాంతానిది. రోమ్‌లో ఉంటూ గ్రీకులో రాసిన ఏలియన్, జంతువుల స్వభావం మీద తాను కూర్చిన గ్రంథంలో, మాసిడోనియాలో బెరోయియా, థెస్సలోనికా పట్టణాల మధ్య పారే ఆస్ట్రేయస్ అనే నది గురించి చెప్పాడు. అక్కడ ఒంటినిండా మచ్చలున్న చేపలు నీటి మీద ఎగిరే ఒక ఈగను తింటాయి. జాలరులు ఆ ఈగనే ఎరగా వాడలేకపోయారు. చెయ్యి తగిలితే చాలు, దాని రంగు పోయి రెక్కలు వాడిపోతాయి. అందుకని కొక్కేనికి ఎర్రటి ఉన్ని చుట్టి, దాని మీద కోడిపుంజు గొంతు కింద పెరిగే మైనం రంగు ఈకలు రెండు కట్టారు. కర్ర ఆరడుగులు, దారం కూడా అంతే. ఏలియన్ ఇదంతా తాను విన్నదిగానే రాశాడు. అయినా ఎంత సూటిగా విన్నాడో చూడండి: ఈ రోజు ఫ్లై కట్టేవాళ్ల బల్ల మీద కూడా ముందుగా కనిపించేది కోడిపుంజు మెడ ఈకలే. ఆ ఈక పోగులు సన్నగా, బిరుసుగా ఉండి పురుగు కాళ్లలా విచ్చుకుంటాయి, నీటిని అంత తేలిగ్గా పీల్చుకోవు.

తర్వాత కొన్ని శతాబ్దాల పాటు ఆధారాలు పలచబడతాయి. 1496లో వింకిన్ డి వర్డ్ అనే ముద్రాపకుడు వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చువేసిన పుస్తకంలో గాలపు వేట మీద ఒక ఇంగ్లీషు గ్రంథం చేరింది. దాన్ని జూలియానా బర్నర్స్ అనే క్రైస్తవ సన్యాసిని రాసిందని వాడుక. గట్టి రుజువు మాత్రం లేదు. నెలల వారీగా ఏ నెలలో ఏ ఫ్లై కట్టాలో చెబుతూ పన్నెండు ఫ్లైలను అందులో వర్ణించారు. గుర్రపు తోక వెంట్రుకలు పేని దారం చేసి, రుతువును బట్టి నీటి రంగులో కలిసిపోయేలా దానికి రంగు వేయమన్నారు. అవసరానికి మించి చేపలు పట్టవద్దన్న మాట కూడా అందులో ఉంది. ఆ మాటను లోకం పట్టించుకోవడానికి దాదాపు 450 ఏళ్లు పట్టింది.

ఐజాక్ వాల్టన్ రాసిన ‘ద కంప్లీట్ ఆంగ్లర్’ 1653లో వచ్చింది. పేరంతా వాల్టన్‌దే గానీ, ట్రౌట్ వేటగాడికి పనికొచ్చే భాగం 1676 కూర్పులో చార్ల్స్ కాటన్ చేర్చినది. డెర్బీషైర్ సరిహద్దులో డవ్ నది ఒడ్డున ఇల్లున్న కాటన్, ఆ తేట నీటిలో చేప మనిషిని ఎంత దూరం నుంచి పసిగడుతుందో అనుభవం మీద తెలిసినవాడు. సన్నటి దారంతో, దూరంగా నిలబడి వేయాలన్నది అతని మొదటి సూత్రం. ఇప్పటికీ దాన్ని కాదన్నవాళ్లు లేరు.

యూరప్‌కు సంబంధం లేకుండా జపాన్ కొండ ప్రాంతాల్లో ఇదే వేట మరో రూపంలో పెరిగింది. దాన్ని టెన్కరా అంటారు. దారం చుట్టే రీల్ ఉండదు, పొడుగాటి వెదురు కర్ర, దాని కొసకు కట్టిన దారం, ఒక ఫ్లై. ఇవానా, యామామే, అమాగో చేపలను పట్టి సత్రాలకు అమ్ముకుని బతికినవాళ్లు దీన్ని తీర్చిదిద్దారు. పెట్టెనిండా ఫ్లైలు దాచుకునే తీరిక వాళ్లకు లేదు. ఒకటి రెండు రకాలతోనే, ఫ్లైని నీటిలో ఆడించే నేర్పుతో పని జరుపుకున్నారు. బండల మధ్య చిన్న చిన్న మడుగులుగా పారే నిటారు వాగులకు ఇంతకన్నా తగిన సాధనం లేదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. 2009 తర్వాత అమెరికాలోనూ ఇది బాగా వ్యాపించింది.

కర్ర, దారం

వెదురును నిలువునా చీల్చి, ఆరు బద్దలను చెక్కి అతికించి కర్ర చేసే విద్య 1840ల నుంచి అమెరికాలో స్థిరపడింది. పెన్సిల్వేనియాలోని ఈస్టన్‌లో శామ్యూల్ ఫిలిప్పీ, తర్వాత మెయిన్ రాష్ట్రంలో హైరమ్ లెనార్డ్ ఇందులో పేరుపొందారు. తొలినాళ్ల కర్రలకు వాడిన వెదురు మన దేశం నుంచి వెళ్లినదే. దాన్ని కలకత్తా వెదురు అనేవారు. తర్వాత చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో పెరిగే టోంకిన్ వెదురు దాని స్థానం ఆక్రమించింది. గుర్రపు వెంట్రుక దారం పోయి నూనె పట్టించిన పట్టుదారం వచ్చింది. కొసన కట్టే సన్నపోగును స్పెయిన్‌లోని ముర్సియా ప్రాంతంలో పట్టుపురుగు పొట్టలోంచి సాగదీసి తీసేవారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నైలాన్, ఫైబర్‌గ్లాస్, 1970ల్లో కార్బన్ గ్రాఫైట్ వచ్చి ఇవన్నీ మార్చేశాయి.

తేలేదా, మునిగేదా

1836లో ఆల్ఫ్రెడ్ రోనాల్డ్స్ ఏటి పురుగులను రంగుల బొమ్మలతో, ఒక్కోదాని పక్కన దానికి సరిపడే ఫ్లైతో పుస్తకంగా తెచ్చాడు. 1857లో డబ్ల్యూ. సి. స్టూవర్ట్ స్కాట్లండ్ ఏళ్లలో వేటాడిన అనుభవంతో, ఏటికి ఎదురు నడుస్తూ ఎగువకు వేయాలని వాదించాడు. ట్రౌట్ ఎప్పుడూ ఎగువకే చూస్తూ ఉంటుంది గనక వెనకనుంచి వెళ్లేవాడు దాని కంట పడడు. చెబితే ఎంత తేలికైన సంగతో, కానీ అప్పటిదాకా చాలామంది దిగువకే వేస్తుండేవాళ్లు.

దక్షిణ ఇంగ్లండ్‌లో సుద్దనేలల మీద మెల్లగా పారే టెస్ట్, ఇచెన్ నదుల దగ్గర పెద్ద వాదం నడిచింది. ఫ్రెడరిక్ హాల్ఫర్డ్ 1886, 1889 పుస్తకాల్లో, నీటి మీద తేలే ఫ్లైనే, అదీ పైకొచ్చి మేస్తూ కనిపించిన చేపకే వేయాలని రాశాడు. అది శిష్యుల చేతిలో మతమంత పట్టుదలగా మారింది. జి. ఇ. ఎమ్. స్క్యూస్ 1910లో దానికి ఎదురు నిలిచాడు. ట్రౌట్ ఎక్కువ భాగం తినేది నీటి లోపలి పిల్ల పురుగులనే. అలాంటప్పుడు మునిగే ఫ్లై వేస్తే తప్పేమిటన్నది అతని ప్రశ్న. అతను పట్టిన చేపల పొట్టలు కోసి, అందులోని పురుగులను పింగాణీ పళ్లెంలో నీళ్లు పోసి పరిశీలించేవాడు. అందుకే ఈ వాదంలో న్యాయం స్క్యూస్ వైపే ఉందనిపిస్తుంది. అతను చేపను అడిగి రాశాడు.

1890లో న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్ కొండల వేటగాడు థియోడర్ గోర్డన్‌కు హాల్ఫర్డ్ తన ఫ్లైలు కొన్ని పంపాడు. సుద్దనది పురుగుల కోసం, నిదానమైన నీటి కోసం కట్టిన ఆ ఫ్లైలు నెవర్‌సింక్ లాంటి ఉరవడి ఏళ్లకు నప్పలేదు. గోర్డన్ అక్కడి పురుగులను గమనించి, బిరుసైన కోడి ఈకను పలచగా చుట్టి, నురగల్లోనూ తేలి ఉండే ఫ్లైలు కట్టాడు. అమెరికా డ్రై ఫ్లై (తేలే ఫ్లై) సంప్రదాయం అక్కడినుంచే మొదలైంది. నది మారితే ఫ్లై మారాలన్నది అతను చేసి చూపించాడు.

ఓడలెక్కిన గుడ్లు

బ్రౌన్ ట్రౌట్ యూరప్, పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా కొండలది. రెయిన్‌బో ట్రౌట్ ఉత్తర అమెరికా పడమటి తీరం, రష్యా కమ్‌చట్కా ప్రాంతాలది. భూమధ్యరేఖకు దక్షిణాన సహజంగా ఒక్క ట్రౌట్ కూడా లేదు. అయినా ఇవాళ టాస్మానియా, న్యూజిలాండ్, పాటగోనియా, కెన్యా కొండల్లో అవి ఉన్నాయంటే, మనిషి మోసుకెళ్లినందువల్లే.

మొదటి పెద్ద విజయం 1864లో వచ్చింది. ఇంగ్లండ్ నుంచి టాస్మానియాకు చేప గుడ్లు పంపాలని చూసిన జేమ్స్ యూల్ అప్పటికే కొన్ని ప్రయత్నాల్లో ఓడిపోయాడు. ఉష్ణమండలం దాటేలోపు నీరు వేడెక్కి గుడ్లు చచ్చేవి. చివరికి గుడ్లకు పారే నీరు అక్కర్లేదని, చల్లదనం, తడి, గాలి ఉంటే చాలని తేలింది. బెజ్జాలు పెట్టిన చెక్కపెట్టెల్లో బొగ్గు పరిచి, దాని మీద దంచిన మంచు, దాని మీద తడి నాచు, నాచులో గుడ్లు, పైన మళ్లీ నాచు, మంచు. ఆ పెట్టెలను నార్‌ఫోక్ అనే ఓడలో కట్టిన మంచుగదిలో పెట్టారు. జనవరిలో ఇంగ్లండ్‌లో బయల్దేరిన ఓడ ఏప్రిల్‌లో మెల్‌బోర్న్ చేరింది. అక్కడినుంచి గుడ్లు టాస్మానియాలో ప్లెంటీ నది పక్కన తవ్విన గుంటలకు వెళ్లాయి. అసలు పంపింది సాల్మన్ గుడ్లు, దాదాపు లక్ష. ట్రౌట్ గుడ్లు సుమారు మూడు వేలు, చివరి నిమిషంలో ఇద్దరు చేపల నిపుణులు చేర్చినవి. సాల్మన్ పిల్లలు సముద్రంలోకి వెళ్లి తిరిగి రాలేదు. ట్రౌట్ నిలిచింది. న్యూజిలాండ్‌కు మొదటి బ్రౌన్ ట్రౌట్ ఈ సంతతి నుంచే వెళ్లింది.

భారతదేశంలో తొలి ప్రయత్నాలు మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగాయి. కోస్తాంధ్ర, రాయలసీమ జిల్లాలున్న ఆ పాలనలోనే నీలగిరులూ ఉండేవి. 1860ల్లో ఫ్రాన్సిస్ డే తెప్పించిన గుడ్లు దారిలోనే పాడయ్యాయి. ఎచ్. సి. విల్సన్ 1907లో ఊటీ దగ్గర అవలాంచిలో హ్యాచరీ (గుడ్లు పొదిగించి పిల్లలను పెంచే కేంద్రం) పెట్టాక రెయిన్‌బో ట్రౌట్ నిలదొక్కుకుంది. బ్రౌన్ ట్రౌట్‌కు కశ్మీర్ బాగా నప్పింది. 1899లో బెడ్‌ఫర్డ్ డ్యూక్ పంపిన 10,000 గుడ్లు చచ్చిపోగా, మరుసటి ఏడు స్కాట్లండ్ నుంచి వచ్చినవి బతికాయి. శ్రీనగర్‌లో తివాచీల కర్మాగారం నడిపిన ఫ్రాంక్ మిచెల్ వాటిని హర్వన్‌లో పెంచి లిద్దర్, సింధ్ లాంటి ఏళ్లలో వదిలాడు. 1909లో కశ్మీర్ గుడ్లు కులూ లోయకు వెళ్లాయి. బియాస్, తీర్థన్ నదుల్లో ఇవాళున్న ట్రౌట్‌కు అదే మొదలు. తూర్పు కనుమల్లోని మన వాగులకు ఈ చేప రాలేదు. వేసవిలో ఆ నీరు దానికి వేడి. కశ్మీర్‌లో నదిని ముక్కలుగా విభజించి, ఒక్కో ముక్కకు రోజువారీ పర్మిట్ ఇచ్చే పద్ధతి ఇప్పటికీ సాగుతోంది.

ఈ విస్తరణను ఘనతగా రాసే రోజులు పోయాయి. బ్రౌన్, రెయిన్‌బో రెండూ ప్రపంచంలో అతి హానికరమైన వంద చొరబాటు జాతుల జాబితాలో ఉన్నాయి. దక్షిణార్ధగోళంలో గెలాక్సియస్ అనే చిన్న స్థానిక చేపలను ట్రౌట్ చాలా నదులనుంచి తరిమేసింది. కాలిఫోర్నియాలో సియెరా నెవాడా శిఖరాల మీది చేపల్లేని సరస్సుల్లో వేటగాళ్ల కోసం ట్రౌట్‌ను వదిలితే, పసుపు కాళ్ల కొండకప్పల తోకకప్పలను అది తినేసింది. కొన్ని సరస్సుల్లో వలలు వేసి ట్రౌట్‌ను పూర్తిగా తీసేశాక కప్పలు మళ్లీ పెరిగాయి.

పట్టి వదిలేయడం

1939లో అమెరికన్ వేటగాడు లీ వుల్ఫ్, వేటచేప ఒక్కసారి మాత్రమే పట్టుబడి పోవడానికి మించిన విలువైనదని రాశాడు. పట్టిన చేపను తడి చేతితో, నీటిలోనే ఉంచి, వెనక్కి ముల్లులేని కొక్కెం తీసి వదిలేసే అలవాటు అక్కడినుంచి మెల్లగా పాకింది. 1959లో మిచిగన్‌లో ఆసేబుల్ నది ఒడ్డున ట్రౌట్ అన్‌లిమిటెడ్ సంస్థ పుట్టింది. ఏళ్లలో హ్యాచరీ చేపలు నింపుకుంటూ పోవడం కాదు, ఏరును బాగుచేసుకోవాలన్నది దాని పట్టు.

ఆ మాటకు గట్టి రుజువు మొంటానా రాష్ట్రంలో దొరికింది. అక్కడ డిక్ విన్సెంట్ అనే జీవశాస్త్రవేత్త 1960ల చివర మాడిసన్ నదిలో, ఓడెల్ వాగులో చేపలను లెక్కపెట్టాడు. హ్యాచరీ చేపలను లారీల్లో తెచ్చి పోసిన చోట్ల, ఏటిలోనే పుట్టి పెరిగిన అడవి ట్రౌట్ తగ్గింది. పోయడం ఆపిన చోట పెరిగింది. కొత్తగా వదిలిన మందలు, అప్పటికే చోటు కుదుర్చుకున్న చేపలను కదిలించి బలహీనపరుస్తున్నాయన్నమాట. 1974లో మొంటానా, అడవి ట్రౌట్ తనంతట తాను పెరిగే నదుల్లో హ్యాచరీ చేపలను వదలడం మానేసింది. పర్యాటకులకు చేపలు చాలవని వ్యాపారులు అప్పట్లో గట్టిగా వ్యతిరేకించారు. తర్వాత ఆ నదులే ప్రపంచంలో పేరున్న ట్రౌట్ నదులయ్యాయి.

ఇప్పుడు బెంగ వేడి గురించి. మొంటానాలో నీటి వేడి మూడు రోజుల పాటు 23 డిగ్రీలు తాకితే మధ్యాహ్నం రెండు నుంచి అర్ధరాత్రి దాకా వేట నిషేధిస్తారు. ఆ వేడిలో అలసిన చేపను వదిలినా అది బతకకపోవచ్చు. న్యూజిలాండ్‌లో 2004లో డిడిమో అనే నాచు నదుల్లోకి చొరబడి రాళ్లను కప్పేసింది. అది వేటగాళ్ల బూట్ల అడుగున ఉండే ఉన్ని పొరలో తడి ఆరకుండా దాగి ఒక నది నుంచి ఇంకో నదికి వెళ్లగలదు. అక్కడ 2008 నుంచి ఉన్ని అడుగు బూట్లు వేసుకుని ఏటిలో దిగడం నేరం.