ఎవరి వ్యాగన్, ఎవరి పూచీ? ప్యాకేజీ మేనేజర్ల చరిత్ర



పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ అక్కడ పెద్ద వర్క్‌షాపు నెలకొల్పిన తరువాత ఉత్తరాంధ్ర నుంచి ఎందరో తెలుగువారు పని కోసం వెళ్లి స్థిరపడ్డారు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. అందుకు ముఖ్య కారణం అక్కడి తెలుగువారే. ఇదే పట్టణంలో, ఒకనాడు స్వాతంత్ర్య యోధులను నిర్బంధించిన హిజ్లీ శిబిరం భవనంలో, 1951లో దేశపు మొట్టమొదటి ఐ.ఐ.టి. ప్రారంభమైంది.

రైలుకూ, కంప్యూటర్ ప్రోగ్రాముకూ ఉమ్మడిగా ఒక ప్రశ్న ఉంది. ఇతరులు తయారుచేసిన వస్తువును మన లైను మీదకు రానిచ్చేటప్పుడు అది సరైనదేనని ఎవరు పూచీ పడాలి? ఈ ప్రశ్నకు వేర్వేరు ప్రోగ్రామింగ్ భాషల వారు ఇచ్చిన జవాబులే ప్యాకేజీ మేనేజర్ల చరిత్ర.

వ్యాగన్ల మార్పిడి

ముందుగా రైల్వేల సంగతి చూద్దాం. స్వాతంత్ర్యానికి పూర్వం మన దేశంలో అనేక రైల్వే కంపెనీలు ఉండేవి. హౌరా నుంచి ఖరగ్‌పూర్ మీదుగా వచ్చే బెంగాల్ నాగపూర్ రైల్వే వాల్తేరు వద్ద ముగిసేది. అక్కడి నుంచి మద్రాసు వరకు, 1908 తరువాత, మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే లైను. రెండింటిదీ 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్ కాబట్టి ఒకరి వ్యాగన్ మరొకరి పట్టాల మీద నడుస్తుంది. కాని పట్టాల వెడల్పు కలిసినంత మాత్రాన సరిపోదు. వ్యాగన్ చక్రంలో పగులు ఉంటే? దారిలో ప్రమాదం జరిగితే నష్టం ఎవరిది? ఇందుకోసం 20వ శతాబ్ది తొలి ఏళ్లలో కంపెనీలన్నీ కలిసి ఇండియన్ రైల్వే కాన్ఫరెన్స్ అసోసియేషన్‌ను ఏర్పాటు చేసుకుని, మార్పిడికి ఉమ్మడి నియమాలు రాసుకున్నాయి. ఆ నియమాల ప్రకారం వ్యాగన్‌ను పరీక్షించే ఉద్యోగి ట్రెయిన్ ఎగ్జామినర్. రైల్వే కాలనీల్లో అందరూ ‘టి.ఎక్స్.ఆర్.’ అని పిలిచేది ఈయననే.

సి భాష కాలం

ఇప్పుడు కంప్యూటర్ వైపు వద్దాం. ఆపరేటింగ్ సిస్టమ్, డేటాబేస్ వంటి పునాది సాఫ్ట్‌వేర్‌ను రాసే భాషలను సిస్టమ్స్ ప్రోగ్రామింగ్ భాషలు అంటారు. వీటిలో పెద్దది సి. 1972 ప్రాంతంలో బెల్ లేబొరేటరీస్‌లో డెనిస్ రిచీ దీన్ని రూపొందించారు. బ్యార్నె స్ట్రౌస్‌ట్రప్ 1979లో మొదలుపెట్టిన పని 1985లో సి ప్లస్ ప్లస్‌గా వెలువడింది.

ఏ ప్రోగ్రామూ మొదటి నుంచి చివరి వరకు ఒక్కరే రాసేది కాదు. ఇతరులు రాసిపెట్టిన భాగాలను వాడుకుంటాం. వాటిని లైబ్రరీలు అంటారు. ఏ లైబ్రరీ కావాలి, దాని ఏ వెర్షన్ కావాలి, ఆ లైబ్రరీకి తిరిగి మరే లైబ్రరీలు కావాలి అన్నది లెక్కగట్టి తెచ్చిపెట్టే సాధనమే ప్యాకేజీ మేనేజర్.

సి భాషకు స్వంత ప్యాకేజీ మేనేజర్ లేదు. ఆ బాధ్యతను ఆపరేటింగ్ సిస్టమ్ పంపిణీలు తీసుకున్నాయి. 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ ప్రతి ప్యాకేజీకీ ఒక నిర్వాహకుడు ఉంటాడు. అసలు రచయిత నుంచి కోడ్ తెచ్చి, సరిచూసి, తన సంతకంతో చేర్చేది అతడే. అంటే జంక్షన్‌లో టి.ఎక్స్.ఆర్. ఉన్నాడన్నమాట. ఈ పద్ధతిలో భద్రత ఉంది, ఆలస్యమూ ఉంది. కొత్త వెర్షన్ మన చేతికి రావడానికి నెలలు, ఒక్కొక్కసారి ఏళ్లు పట్టవచ్చు.

రస్ట్, గో: రెండు దారులు

మొజిల్లా ఆదరణలో పెరిగిన రస్ట్ భాష 2015 మే 15న 1.0 వెర్షన్‌కు చేరింది. అంతకు ముందు ఏడాదే దాని ప్యాకేజీ మేనేజర్ ‘కార్గో’ వచ్చింది. దీన్ని రాసిన యెహూడా కాట్జ్, కార్ల్ లెర్చి అంతకు మునుపు రూబీ భాషకు బండ్లర్ అనే ఇటువంటి సాధనం మీద పనిచేసినవారే. కార్గోలో ఒక్క ఆదేశంతో కావలసిన లైబ్రరీలన్నీ దిగివస్తాయి. రస్ట్ సమాజం భాషతో పాటు వచ్చే లైబ్రరీని కావాలనే చిన్నదిగా ఉంచింది. యాదృచ్ఛిక సంఖ్యలు కావాలన్నా బయటి నుంచే తెచ్చుకోవాలి. పంచుకోవడం సులభమైతే మంచి పనిముట్లు త్వరగా పెరుగుతాయని వారి నమ్మకం. ఆ నమ్మకం చాలావరకు నిజమైంది కూడా.

2009లో గూగుల్ ప్రకటించిన గో భాష మరో దారి పట్టింది. దాని రూపకర్తలు రాబర్ట్ గ్రీసెమర్, రాబ్ పైక్, కెన్ థాంప్సన్. ఇంటర్నెట్ సర్వర్‌కు, సంకేత లేఖనానికి కావలసినవన్నీ భాషతోనే ఇచ్చారు. చిన్న పని కోసం మరొకరి మీద ఆధారపడే కంటే నాలుగు వరుసలు మనమే రాసుకోవడం మేలన్నది ఆ సమాజపు వైఖరి.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. మన ప్రోగ్రాముకు ‘క’, ‘ఖ’ అనే రెండు లైబ్రరీలు కావాలనుకోండి. రెండింటికీ ‘గ’ అనే మూడవది కావాలి. అయితే ‘క’కు ‘గ’ మొదటి వెర్షన్, ‘ఖ’కు రెండవది అవసరం. ఏది తేవాలి? ఆ రెంటి మధ్య తేడా పెద్దదైతే కార్గో రెండింటినీ పక్కపక్కనే ఉంచనిస్తుంది. పొసగే వెర్షన్లలో సాధారణంగా అన్నిటికంటే కొత్తదాన్ని తెస్తుంది. గో భాషలో రస్ కాక్స్ 2018లో ప్రతిపాదించిన పద్ధతి, అందరి అవసరమూ తీర్చగల వాటిలో అన్నిటికంటే పాతదాన్ని ఎంచుకుంటుంది. కొత్తది దానంతట అది వచ్చి చేరదు. అప్పటికే ‘డెప్’ అనే సాధనాన్ని శ్రమించి తయారుచేసిన వాలంటీర్లకు ఈ నిర్ణయం బాధ కలిగించింది. 2018 ఆగస్టులో గో 1.11 కొత్త పద్ధతితోనే వెలువడింది. ఏ వెర్షన్ ఎంచాలన్న లెక్క వెనుక, నిర్ణయాధికారం ఎవరిదన్న తగవు ఉందని ఈ ఘటన తెలుపుతుంది.

తరువాత వచ్చిన భాషలూ తమ తమ వైఖరి చూపాయి. జిగ్ భాష 2023లో వచ్చిన 0.11 వెర్షన్‌లో ప్యాకేజీ సాధనం చేర్చింది కాని, కేంద్ర గిడ్డంగి పెట్టలేదు. కోడ్ ఉన్న చిరునామా, దాని వేలిముద్ర వంటి హ్యాష్ విలువ ఇస్తే చాలు. ఓడిన్ భాష రూపకర్త అయితే అధికారిక ప్యాకేజీ మేనేజర్ ఉండకూడదనే అంటారు. తెచ్చుకోవడం కష్టమైతేనే మనిషి ఆలోచించి తెచ్చుకుంటాడన్నది ఆయన వాదం.

పరీక్షా ఘడియలు

వైఖరులు మాటల్లో ఎలా ఉన్నా, ప్రమాదాలు వాటిని పరీక్షించాయి. 2016 మార్చిలో జావాస్క్రిప్ట్ ప్రపంచంలో ‘లెఫ్ట్ ప్యాడ్’ అనే 11 వరుసల ప్యాకేజీని దాని రచయిత తొలగించగానే, దానిపై ఆధారపడిన ఎన్నో ప్రాజెక్టులు నిలిచిపోయాయి. రస్ట్ గిడ్డంగిలో ఇటువంటి స్థితి రాకుండా ముందే ఒక ఏర్పాటు ఉంది. రచయిత ఒక వెర్షన్‌ను ఉపసంహరించినా, అప్పటికే దాన్ని వాడుతున్నవారికి అది అందుతూనే ఉంటుంది. కాని 2022 మేలో మరో లోపం బయటపడింది. ‘రస్ట్_డెసిమల్’ అనే ప్రసిద్ధ లైబ్రరీ పేరులోని అడ్డగీత తీసేసి, ‘రస్ట్‌డెసిమల్’ పేరుతో ఎవరో హానికరమైన ప్యాకేజీ పెట్టారు. అక్షరం తప్పు కొట్టినవారికి అదే దిగుతుంది.

ఇది చూసి సి వర్గం వారు తమ పద్ధతే మేలని సంతోషించడానికి వీలులేకపోయింది. 2024 మార్చిలో ‘ఎక్స్‌జెడ్’ అనే కుదింపు సాధనంలో రహస్య ద్వారం బయటపడింది. అది సి భాషలో రాసినది, పంపిణీల ద్వారా వచ్చేది. ‘జియా టాన్’ అనే పేరుతో ఒకరు రెండేళ్లకు పైగా సహాయం చేస్తూ, అలసిపోయిన ఒంటరి నిర్వాహకుడి నమ్మకం సంపాదించి, విడుదల ఫైళ్లలో దాన్ని దాచారు. పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని గమనించి ఆయన కారణం వెతికారు. అయితే డెబియన్ స్థిర విడుదల ఆ వెర్షన్లను ఇంకా తీసుకోలేదు కాబట్టి దాన్ని వాడేవారు తప్పించుకున్నారు. నిదానం ఇక్కడ రక్షించింది. కాని నిర్వాహకుల సంతకాల వ్యవస్థ మాత్రం మోసాన్ని పసిగట్టలేకపోయింది.

ఒకరి నుంచి ఒకరు

ఈ దెబ్బల తరువాత, ప్రత్యర్థి సమాజాలు మెల్లగా ఒకే దిశకు నడిచినట్లు కనిపిస్తుంది. 2019 నుంచి గో భాష ప్రతి వెర్షన్ హ్యాష్‌ను బహిరంగ పట్టికలో నమోదు చేస్తోంది. తరువాత ఎవరు దొంగచాటుగా కోడ్ మార్చినా బయటపడుతుంది. 2022లో మొజిల్లా ‘కార్గో వెట్’ను తెచ్చింది. ఒక సంస్థ చదివి సరిచూసిన లైబ్రరీ వివరాన్ని మరో సంస్థ నమ్మి వాడుకోవచ్చు. ఒక కంపెనీ పరీక్షను మరో కంపెనీ అంగీకరించే పాత రైల్వే ఒప్పందానికి ఇది దగ్గరి చుట్టం.

అయితే ఒక తేడా మరువరాదు. టి.ఎక్స్.ఆర్.కు జీతం ఉంది, డ్యూటీ వేళలు ఉన్నాయి, ఆయన తరువాత షిఫ్టుకు మరొకరు వస్తారు. ప్రపంచమంతా వాడే అనేక లైబ్రరీలను ఇప్పటికీ ఒకరిద్దరు తీరిక వేళల్లో కాపాడుతున్నారు. ఎక్స్‌జెడ్ మోసగాడు దూరింది ఆ సందులోంచే. సాధనం ఎంత బాగున్నా ఈ లోటును అది తీర్చలేదు.

ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో ‘ఖరగ్‌పూర్ ఓపెన్ సోర్స్ సొసైటీ’ అనే విద్యార్థి సంఘం ఏటా చలికాలంలో కొత్తవారిని ఇటువంటి ఉమ్మడి ప్రాజెక్టుల్లోకి తీసుకువస్తుంది. ఏ కళాశాల విద్యార్థి అయినా ఈ పనిలో చేరవచ్చు. ఏ భాష గొప్పదన్న వాదనకు కూర్చునే ముందు, మీ ప్రాజెక్టులో ఎవరెవరి లైబ్రరీలు ఉన్నాయో ఒకసారి పట్టిక రాయండి. వాటిలో ఒక్కదాని కోడ్ చదవండి. తప్పు కనిపిస్తే రచయితకు తెలియజేయండి. పరీక్షించే చేతులు పెరిగితేనే లైను భద్రంగా ఉంటుంది.