కలకత్తా పచ్చిక మీద 327 గేములు

ఇప్పుడైతే టెన్నిస్ డేవిస్ కప్పు ఫైనల్సులో రెండు దేశాల మధ్య పోటీని (దాన్నే టై అంటారు) ఒక్క పూటలో తేల్చేస్తున్నారు గానీ, మా రోజుల్లో అది మూడు రోజుల పెళ్లిరా. శుక్రవారం రెండు సింగిల్స్, శనివారం ఒక్క డబుల్స్, ఆదివారం ప్రత్యర్థుల్ని అటుదిటు చేసి మళ్లీ రెండు సింగిల్స్. ఐదింట మూడు ఎవరు గెలిస్తే టై వాళ్లది. ఒక్కో మ్యాచి ఐదు సెట్లు. సెట్టు ఆరారు అయినా టైబ్రేక్ లేదు. రెండు గేముల తేడా వచ్చేదాకా ఆడుతూనే ఉండాలి.

ఈ పోటీ పెట్టింది డ్వైట్ డేవిస్ అని హార్వర్డ్‌లో చదువుకున్న అమెరికా కుర్రాడు. 1900లో కప్పు తనే కొనిపెట్టి, బోస్టన్ దగ్గర లాంగ్‌వుడ్ క్లబ్బులో బ్రిటిష్ వాళ్ల మీద తనే ఆడి గెలిచాడు. మన దేశం 1921లో చేరింది.

అప్పట్లో ఒక అన్యాయం ఉండేది. కిందటేడు గెలిచిన దేశం కాలు మీద కాలేసుక్కూచునేది. మిగతా దేశాలన్నీ ఏడాది పొడుగునా కొట్టుకుచచ్చాక, మిగిలిన ఒక్క జట్టు వాళ్ల గడ్డ మీదికి వెళ్లి తలపడాలి. దాన్ని ఛాలెంజ్ రౌండ్ అనేవారు. 1972 నుంచి ఎత్తేశారు, మంచిపని చేశారు. 1966లో మనవాళ్లు అంతదాకా వెళ్లారు. నేనప్పుడు వాల్తేరులో కాలేజీ కుర్రాణ్ణి. మద్రాసు పేపరు మాకు ఆలస్యంగా వచ్చేది, హాస్టల్లో ఆటల పేజీ ఎవడి చేతికీ చిక్కేది కాదు.

ఆ డిసెంబరులో కలకత్తా సౌత్ క్లబ్బులో బ్రెజిల్‌తో టై. బ్రెజిల్ అంటే తేలిగ్గా తీసుకోకండి, అమెరికానే ఓడించి వచ్చారు. రెండు రెండు అయ్యాక చివరి మ్యాచి మన రామనాథన్ కృష్ణన్‌కీ థామస్ కోచ్‌కీ పడింది. కోచ్‌ది ఎడంచేతి వాటం, వయసులో చిన్నవాడు, దూకుడు మీదున్నాడు. మొదటి సెట్టు అతనిది, రెండోది కృష్ణన్‌ది, మూడోది 12-10తో మళ్లీ అతనిదే. నాలుగో సెట్లో 5-2 ముందున్నాడు. ఇంకొక్క గేము గెలిస్తే బ్రెజిల్ ఛాలెంజ్ రౌండ్‌కి మెల్‌బోర్న్ వెళ్లిపోతుంది. అక్కణ్ణించి కృష్ణన్ వరసగా ఐదు గేములు లాగేశాడురా! 7-5. ఐదో సెట్టు 6-2. కృష్ణన్‌ది బలంగా బాదే ఆట కాదు. బంతిని ఎదుటివాడు లేనిచోట పెట్టే ఆట. అలాంటివాడికి సాగే మ్యాచి మంచిది, ఎదుటివాడికి ఓపిక చచ్చేదాకా ఆగగలడు.

మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా చేతిలో 4-1తో ఓడిపోయాం. కానీ ఆ ఒక్కటీ ఏదనుకున్నారు? డబుల్స్. కృష్ణన్, జయదీప్ ముఖర్జీ కలిసి న్యూకోంబ్, రోచ్ జోడీని ఓడించారు. వాళ్లని వాళ్ల ఊళ్లో ఓడించడమంటే మాటలు కాదు.

అసలు ముచ్చట 1974ది. మే నెల, కలకత్తా, మళ్లీ సౌత్ క్లబ్బు పచ్చికే. మే నెలలో కలకత్తా ఉక్క ఎలా ఉంటుందో ఊహించుకోండి. వచ్చింది ఆస్ట్రేలియా. విజయ్ అమృతరాజ్‌ని జాన్ అలెగ్జాండర్ నాలుగు సెట్లలో ఓడించాడు, అందులో మొదటి రెండూ 14-12, 17-15. జస్జీత్ సింగ్ బాబ్ గిల్టినన్‌ని 11-9, 9-11, 12-10, 8-6తో గెలిచాడు. పేరు పెద్దగా వినపడని మనిషి గానీ, ఆ గెలుపు లేకపోతే తర్వాత కథే లేదు.

డబుల్స్‌లో ఆనంద్, విజయ్ అన్నదమ్ములు ఒకవైపు, అలెగ్జాండర్, కాలిన్ డిబ్లీ రెండోవైపు. 17-15, 6-8, 6-3, 16-18, 6-4. కూడితే 99 గేములు. ఇప్పటి పద్ధతిలో ఒక మ్యాచికి మూడు సెట్లు, ప్రతి సెట్టుకీ టైబ్రేక్. ఎంత సాగదీసినా 39 గేములు దాటదు. రోజుకి మూడు మ్యాచిలు కలిపినా 117. వీళ్లు ఒక్క డబుల్స్‌కే 99 ఆడారు! చివరికి విజయ్ గిల్టినన్‌ని గెలవడంతో టై 3-2తో మనదైంది. మొత్తం 327 గేములు, డేవిస్ కప్పులో అదే రికార్డు. టైబ్రేక్ వచ్చాక ఇంక దాన్ని ఎవరు దాటుతారు?

తర్వాత పుణెలో సోవియట్ యూనియన్‌నీ గెలిచాం. ఫైనల్లో మిగిలింది దక్షిణాఫ్రికా. అక్కడ అప్పట్లో నల్లవాళ్లని మనుషులుగా చూడని రాజ్యం. మన దేశం ఆడనంది. ఒక్క బంతి కొట్టకుండా కప్పు వాళ్లకి పోయింది. మా స్నేహితుల్లో దీని మీద పెద్ద గొడవే అయింది. ఆటగాళ్ల కష్టం మట్టిలో పోసేశారని సగంమంది. నాకైతే అప్పుడూ ఇప్పుడూ ఆ నిర్ణయమే సరైందనిపిస్తుంది. అయినా ఆ అన్నదమ్ములు పడ్డ శ్రమ తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది, అది వేరే సంగతి.

1987లో ఇంకోసారి ఫైనల్. కృష్ణన్ కొడుకు రమేశ్ సిడ్నీ పచ్చిక మీద ఆఖరి మ్యాచిలో వాలీ మసూర్‌ని గెలిచి జట్టుని అక్కడికి తీసుకెళ్లాడు. ఫైనల్ స్వీడన్‌లో, గోథెన్‌బర్గ్‌లో. కోర్టు ఏదో ఆతిథ్యమిచ్చేవాళ్ల ఇష్టం. వాళ్లు మట్టికోర్టు వేశారు. 5-0తో ఓడిపోయాం. మనం పచ్చిక మీదికి లాగినట్టే వాళ్లు మట్టిలోకి లాగారు, తప్పుపట్టడానికేముంది?

టైబ్రేక్ 1989లో వచ్చింది, ఆఖరి సెట్టుకి మాత్రం 2016 దాకా రాలేదు. ఆ 2016లోనే ఢిల్లీకి స్పెయిన్ వచ్చింది, నాదల్‌తో సహా. మన విశాఖ కుర్రాడు మైనేని సాకేత్, పేస్‌తో కలిసి నాదల్, మార్క్ లోపెజ్‌ల మీద మొదటి సెట్టు లాక్కున్నాడు. ఓడిపోయారనుకోండి. అయినా ఇంటిగడ్డ టై ఉండబట్టే నాదల్ అంతటివాడు ఢిల్లీ వచ్చి మన సాకేత్‌తో ఆడాల్సివచ్చింది. 2019లో ఫైనల్సు ఒకే ఊళ్లో పెట్టే పద్ధతి మొదలైంది, మొదటి ఏడాది మాడ్రిడ్. పెద్ద ఆటగాళ్లు ఏడాదంతా తిరిగి అలిసిపోతున్నారన్నారు, అబద్ధం కాదు. కానీ ఊరి జనం కేకలు లేని డేవిస్ కప్పు నాకు చప్పగా ఉంటుంది.

ఆడవాళ్ల పోటీ మాత్రం 1963లో ఫెడరేషన్ కప్పుగా మొదలైనప్పుడే ఒకే ఊళ్లో, వారంలో ముగిసేది, రెండు సింగిల్స్, ఒక డబుల్స్. మగాళ్లు ఇన్నేళ్లకి అక్కడికి చేరారు. ఇప్పుడు దాని పేరు బిల్లీ జీన్ కింగ్ కప్పు. 2020 మార్చిలో దుబాయ్‌లో ఇండొనేసియాతో టై ఒకటీ ఒకటీ అయ్యాక, అంకితా రైనాతో కలిసి మన హైదరాబాద్ సానియా మీర్జా డబుల్స్‌కి దిగింది, బిడ్డ పుట్టాక తిరిగొచ్చి. గెలిచి జట్టుని మొదటిసారి ప్లేఆఫ్స్‌కి చేర్చారు. మా కాలంలో డబుల్స్ శనివారం మధ్యలో పడేది, ఎంత బాగా ఆడినా ఆదివారం పోతే పోయినట్టే. కొత్త పద్ధతిలో డబుల్స్‌ని ఆఖర్న పెట్టడం ఒక్కటే నాకు నచ్చిన మార్పు.